ఎనిమిది మూతల డై

మే 6

ఆలంబీ డై ఇయ్యనన్నది.

నా డై. మూతలు పోసే ఇనుప అచ్చు, బాలానగర్ల మిస్త్రీ నెత్తి మీద నిలబడి చేయించుకున్న డై. ఆమె షెడ్డుల, ఆమె మిషనుకు బిగించి ఉన్నంత మాత్రాన ఆమెదైపోతదా? ఫోన్ల ఎంత మెల్లగ చెప్పిందో. ముందు కూసుండి మాట్లాడుకుందాం అక్కా, డై యాడికి పోతది, నా దగ్గర భద్రంగనే ఉంది అన్నది. భద్రమట. పిల్లి దగ్గర పాలు భద్రంగ ఉన్నట్టు.

ఆ ఇనుప దిమ్మె లేకుంటె నా దగ్గర ఏముంది? పటాన్‌చెరుల ఒక రేకుల షెడ్డు, మందు కారకుండ మూతలల్ల బిళ్ళలు పెట్టే ఆడోళ్ళు, గేటుకు బోర్డు. పురుగు మందు డబ్బాల మూతలు మావి. మూత పోసేది ఆలంబీ, దానికి బిళ్ళ పెట్టి కంపెనీకి ఇచ్చేది నేను. మిషన్ల డై ఒక్కసారి మూసుకుని తెరుసుకుంటె ఎనిమిది మూతలు రాలుతయి. జూన్ నడుమల కంపెనీ వాళ్ళు డబ్బాలు నింపుడు మొదలుపెడ్తరు. అప్పటికి మూతలు లేకుంటె గుజరాత్ నుంచి తెచ్చుకుంటరు, ఇగ మళ్ళ నా గడప తొక్కరు. సీజన్ పోయిందంటె షెడ్డు పోయినట్టే.

మా ఆయనకు చెప్పిన. ఆయన పేపర్ల నుంచి తల ఎత్తకుండనే, అగ్రిమెంట్ల రాసుకున్నం గదా, కోర్టుకు పోవద్దు, ముందు మధ్యవర్తి దగ్గర కూసుండాలె అన్నడు. ఆ ముక్క రాయించింది గూడ ఈయననే. ప్రహ్లాద్ అని పేరు పెట్టిన్రు గని, ఏ నరసింహుడు రాడు ఈయన పిలిస్తె.

మే 7

కడుపు మండుతున్నది. రాస్తెనన్న సల్లారుతదేమో.

గీ లొల్లంత జోగిపేటల మొదలైంది. మా చిన్నమ్మ మనుమడి పుట్టు వెంట్రుకలకు పోయిన. వాపస్ వచ్చేటప్పుడు మా నాయిన దుకాణం ఉండె చూడు, ఆ గల్లీల ఎరువుల షాపు ముంగట కారు ఆపిన. ఊకెనే. అలవాటు. ఏ డబ్బా చూసినా మూత తిప్పి చూస్త. వేరే కంపెనీ డబ్బా. మూత తిప్పిన, లోపట చుక్క, దాని కింద గీత. నా డై గుర్తు. నా మూత, వేరేటోళ్ళ డబ్బా మీద! షాపాయన నన్ను ఎగా దిగా చూసిండు. నా మొఖం గట్లయి ఉంటది మరి.

అగ్రిమెంట్ల సాఫ్ సీదా రాసి ఉంది. నా డై మీద పోసిన మూత నాకు తప్ప ఎవ్వలకు అమ్మొద్దు. రిజెక్ట్ అయిన మాల్ గ్రైండర్ల ఏసి పొడి చెయ్యాలె. ఆలంబీని అడిగితె దాచలే గూడ. ఏప్రిల్ లోడు మీరే రిజెక్ట్ అని రాసి వాపస్ పంపిన్రు గదా అన్నది. మంచి మాల్ పొడి చెయ్యనీకె చేతులు రాలేదట, అమ్మిందట. తప్పు చేసిన మనిషి గింత నిమ్మళంగ మాట్లాడుతదా? అయితె నా డై నాకు ఇచ్చెయ్యి అన్న.

మంచి మాలట. మంచిదో చెడ్డదో చెప్పేది నేను. కొనేది నేను.

మే 8

కంపెనీ పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేసిండు. అంతా మంచిగనే నడుస్తున్నది సార్ అన్న.

మే 11

మా ఆయన అన్నం కాడ అడిగిండు, ఏప్రిల్ లోడుల నిజంగనే రంగు తక్కువుండెనా అని. ఏం జెప్పాలె ఈయనకు? గవర్నమెంట్ నౌకరి చేసి రిటైరైన మనిషికి వ్యాపారం ఏం తెలుస్తది. పప్పు ఏస్కొని తినుమన్న.

మా నాయిన జోగిపేటల కందులు, వడ్లు కొనేటోడు. బస్తాల చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, మూతి ముడిసి, పచ్చి ఉన్నయి అనేటోడు. నడి ఎండల ఎండిన కందులైనా అదే మాట. రైతు బతిలాడుతడు. నాయిన బస్తాకు ఇంత అని తరుగు తీస్తడు. ఇద్దరు చాయ్ తాగుతరు. వచ్చే ఏడు అదే రైతు అదే బండి కట్టుకొని వస్తడు. మాల్ మంచిగుందన్న మాట నీ నోట్లెకెళ్ళి వచ్చిన్నాడు దుకాణం మూసుకో బిడ్డా అని నాకు చెప్పిండు. ఇప్పటిదాంక ఆ మాట నా నోట్లెకెళ్ళి రాలే, చిట్టీ మీద రాయలే. అందుకే నా షెడ్డు నిలబడ్డది.

యాకూబ్ భాయ్‌కు ఈ సంగతి తెలుసు. ఆలంబీ పెనిమిటి. ఆయన లోడు పంపుతడు, నేను చిట్టీ మీద రంగు తక్కువ అని రాసి వాపస్ కొడ్త. తెల్లారి వస్తడు, కుర్చీ గుంజుకొని చాయ్ తాగుతడు, ఎంత కోస్తరో కొయ్యుండ్రి అని నవ్వుతడు. జెర రేటు తగ్గిస్తడు. అదే లోడు మళ్ళ లోపటికి వస్తది. ఏండ్లకేండ్లు గట్లనే నడిసింది. కాగితం లేదు, పంచాయితి లేదు.

ఆయన సచ్చిపోయినంక ఆలంబీ వచ్చి మిషన్ల ముంగట కూసున్నది. ఆమెనే కాగితం కావాలన్నది. సరే అన్న. ఏప్రిల్ల లోడు వచ్చింది, రివాజు ప్రకారం వాపస్ కొట్టిన. తెల్లారి చాయ్ పెట్టించి కూసున్న. రాలే. మళ్ళ తెల్లారి గూడ పెట్టించిన. రాలే. నేను ఫోన్ చెయ్యాల్నా? నేను కొనేదాన్ని.

రివాజు తెల్వనోళ్ళు వ్యాపారంల ఎందుకు దిగాలె.

మే 14

ఇయాల మొదటి కూసునుడు.

మధ్యవర్తి సూర్యారావు గారట. రిటైరైన జడ్జి. అమీన్‌పూర్ల చెరువు కనపడే అపార్ట్‌మెంట్. కోర్టు లేదు, బెంచీ లేదు, బంట్రోతు లేడు. ఆలంబీని హాల్ల సోఫా మీద కూసుండబెట్టిన్రు, నన్నేమో లోపటి రూంల. రూంల ట్రెడ్‌మిల్ ఉంది, దాని మీద ఆయన లుంగీ ఆరేసి ఉంది. ఆయన హాల్లకెళ్ళి రూంలకు, రూంలకెళ్ళి హాల్లకు తిరుగుతడు. మాట అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ. పెండ్లి సంబంధం మాట్లాడినట్టు.

ఇక్కడ చెప్పింది ఇక్కడనే ఉంటుందండి, మనసులో ఏముందో చెప్పండి అన్నడు. మనసుల ఏముందో చెప్తె ఆయన ఇంట్ల ఉండనియ్యడు. ఆమె నా మూతలు దొంగతనంగ అమ్మింది, నా డై పట్టుకొని కూసున్నది, డై ఇప్పియ్యుండ్రి, అంతే అన్న. ఆయన తెల్ల కాగితం మీద ఏదో రాసుకొని హాల్లకు పోయిండు. తలుపు సగం మూసి ఉంది. ఆలంబీ గొంతు ఇనపడ్తనే ఉంది గని మాటలు తెలుస్తలెవ్వు. ఒక్కసారి మాత్రం యాకూబ్ పేరు ఇనపడ్డది.

మనిషి సచ్చిపోయిండు గదా, ఆయన్ను ఎందుకు గుంజుడు దీంట్లకు.

ఇక్కడ తెగకుంటె ఏమైతదని అడిగిన. ఆర్బిట్రేటర్ దగ్గరికి పోతుందండి, అక్కడ సాక్ష్యాలు, వాదనలు, తీర్పు, ఆరు నెలలో ఏడాదో పట్టొచ్చు, అప్పటిదాకా డై ఎక్కడున్నది అక్కడే అన్నడు. చాయ్ ఇచ్చిన్రు. నేను తాగలే. హాల్ల కప్పు సప్పుడైంది, ఆమె తాగింది.

మే 15

లుంగీ ఎండేసిన రూంల కూసుండి న్యాయం అడుగుడు నా తలరాత.

మే 20

నిన్న పొద్దుమూకి గాలి దుమారం, వాన. నా పాణమంత డై మీదనే ఉంది. డై ఊకె పెట్టేటప్పుడు నూనె పూసి, రెండు పలకలు దగ్గరికి మూసి పెట్టాలె. లేకుంటె వానాకాలం గాలికే తుప్పు పడ్తది. పగవాళ్ళ ఇంట్ల ఉన్న డైకి ఎవలు పూస్తరు నూనె?

ఆగలేక పాశమైలారం పోయిన. ఆలంబీ షెడ్డు గేటు కాడ బిహార్ పోరగాడు నిలబడి, మేడమ్ అందర్ జానా మనా హై, లోపటికి పోవద్దు అన్నడు. నేను ఎవలో ఎరుకేనా అన్న. ఎరుకే అన్నడు, అందుకే మనా అన్నడు. లోపట మిషన్ సప్పుడు వస్తున్నది. ఏ డై నడుస్తున్నదో. సడక్ మీద కారు పెట్టి ఇనుకుంట కూసున్న. మా మూతల సప్పుడు నాకు తెలుసు, ఎనిమిది ఒక్కసారి రాలితె వడ్లు చేట్ల పోసినట్టుంటది. ఆ సప్పుడు కాదు. వేరే ఏందో.

ఎవ్వలకు చెప్పలే పోయిన సంగతి.

మే 23

రెండో కూసునుడు. ఇయాల ఇద్దర్ని ఒక్క తాన్నే కూసుండబెట్టిండు. ఆలంబీ నల్ల బురఖా మీద పైకెత్తిన ముసుగు, చేతికి ఇంకా గ్రీజు మరక. కావాల్ననే కడుక్కోలేదు, కష్టపడ్తున్నట్టు కనపడనీకె.

సూర్యారావు ఒక్క ముచ్చట అడిగిండు. దానికి ఆ మనిషిని జీవితంల మాఫ్ చెయ్య.

"విమలగారూ, ఏప్రిల్‌లో మీరు వెనక్కి పంపిన మూతలు బాగున్నాయా, బాగోలేవా?"

అంత మంచిగ లేకుండె అన్న. అంటే బాగోలేవు, బాగోలేని సరుకు ఎవరో కొనుక్కుంటే మీకు నష్టం ఏమిటండి అన్నడు. అట్ల గాదు సార్, అవి నా గుర్తున్న మూతలు, అన్నీ గట్టియే అన్న. గట్టివైతే ఎందుకు తిప్పి పంపారు అన్నడు. గది మా వ్యాపారంల ఉంటది, మీకు తెల్వది అన్న. నవ్వలే ఆయన. తెలుసుకోవడానికే అడుగుతున్నానండి అన్నడు. ఇట్ల పోతె గొయ్యి, అట్ల పోతె నుయ్యి. మంచిగున్నయంటె అబద్ధం రాసి వాపస్ కొట్టినట్టు. మంచిగ లేవంటె నాకు ఫిర్యాదే లేదు. గోడ మీది క్యాలెండర్ చూసుకుంట కూసున్న.

అప్పుడు ఆలంబీ మాట్లాడింది. నా దిక్కు చూసే మాట్లాడింది.

"లోడు వాపస్ వచ్చిన దినం మా ఆయన అన్నం ముట్టకపోతుండె అక్కా. తెల్లారి మీ దగ్గర నవ్వి వచ్చి, ఇంట్ల గోడ దిక్కు తిరిగి పండుకుంటుండె. నేను పోసిన దాంట్ల ఏం తప్పుందో ఒక్కసారన్న చూపెట్టుమను అంటుండె. ఒక్కసారన్న మంచిగుంది అని రాసిన్రా మీరు?"

ఆడదాని కండ్లల్ల నీళ్ళు లెవ్వు. ఏడిసినా బాగుండు, నాటకం అనుకునేదాన్ని.

అబద్ధం. యాకూబ్ నవ్వేటోడు. నేను చూసిన.

మే 24

యాకూబ్ నవ్వేటోడు. చాయ్‌ల చక్కెర మళ్ళ అడిగి ఏసుకునేటోడు. బాధపడే మనిషి గంత చక్కెర ఏసుకుంటడా?

మే 29

పర్చేజ్ మేనేజర్ నేరుగ షెడ్డుకే వచ్చిండు. లోపట ఆడోళ్ళు ఊకెనే కూసున్నరు, బిళ్ళలు ఉన్నయి, మూతలు లెవ్వు. అన్నీ చూసిండు. జూన్ రెండో వారం దాటితె నా చేతుల ఏం లేదు మేడమ్, గుజరాత్ వాళ్ళు సాంపిల్ పంపిన్రు అన్నడు. కుర్చీల కూసుండుమన్నా కూసుండలే.

ఆయన పోయినంక ముత్యమ్మ, బిళ్ళలు పెట్టెటోళ్ళల్ల పెద్దామె, మేమేమన్న వేరే తాన చూసుకోవాల్నా అమ్మా అని అడిగింది. మీకు జీతం ఆపిన్నా అని గట్టిగ కసిరిన. ఆమె తప్పేముంది. ఉన్న మాటంటె ఉలుకెక్కువ, ఇంకేం లేదు.

జూన్ 2

తెగింది.

సూర్యారావు పాము సావకుండ కట్టె ఇరగకుండ తెంపిండు. ఆమె అమ్ముకున్న మూతల మీద నేను దావా ఇడిసిపెట్టాలె. నేను వాపస్ కొట్టిన లోడ్ల ముచ్చట ఆమె ఎత్తొద్దు. డై నాకు ఇచ్చేస్తది. అంతటితోని అగ్రిమెంట్ ఖతం, ఎవల దారి వాళ్ళది. నేను గెలిసిన. డై నాది, డై నాకు వస్తున్నది, ఇంకేం కావాలె?

ఆఖరుకు ఆలంబీ ఒక్క షరతు పెట్టింది. డై తీస్కపోయే దినం నేను ఆమె షెడ్డుల నిలబడి డై చూసుకొని, నా చేతితోని 'డై మంచిగుంది' అని రాసి సంతకం పెట్టాలెనట. ఆ మాట తప్ప వేరే ఏం రాసినా, ఒక్క వంక పెట్టినా, డై అక్కడ్నే ఉంటది, పంచాయితి ఆర్బిట్రేటర్ దగ్గరికి పోతది.

సూర్యారావు నా మొఖం చూసిండు, ఒప్పుకుంటదా లేదా అని. నాకు నవ్వొచ్చింది. ఏనుగు ఎల్లినంక తోక కాడ ఆగుతమా? గింత లొల్లి చేసి, కడపట ఆమె అడిగింది రెండు మాటలా? రాస్త తీయి అన్న. ఒక్కటే భయముండె, తుప్పు. అదే అడిగిన. తుప్పు ఉంటె నేను ఒప్పుకోను సార్ అని. ఆలంబీ చెప్పింది, తుప్పు చుక్క గూడ ఉండదు, రోజు నూనె పెడ్తున్న, సార్ ముంగటనే చూసుకోవచ్చు అని. ఇంకేం మరి.

ఇంటికొచ్చి చెప్తె మా ఆయన, రాసే ముంగట జెర మంచిగ చూడు అన్నడు. ఈయన నాకు మాల్ చూసుడు నేర్పిస్తడు.

జూన్ 5

పొద్దుగాలనే పోయినం. సూర్యారావు తెల్ల టోపీ పెట్టుకొని, కొత్త చోటు చూసే పిల్లగాని లెక్క షెడ్డంత తిరిగి చూసిండు. ఆయనకు ఒక ముచ్చట తెలుసు, నూనె పెట్టాలె, తుప్పు ఉండొద్దు. నేను చెప్పిందే గది.

గొలుసు కప్పీతోని డై దించిన్రు. బట్ట తీసిన్రు, రెండు పలకలు తెరిసిన్రు. నా మనసు నిండింది, అబద్ధం ఎందుకు. అద్దం లెక్క ఉంది. నూనె మెరుస్తున్నది. మూలలల్ల గూడ బట్ట పెట్టి తుడిసింది ఆలంబీ. శత్రువు ఇంట్ల ఉన్నట్టు లేదు డై, మా పుట్టింట్ల ఉన్నట్టుంది. చాలా బాగుందండి అన్నడు సూర్యారావు, ఆయననే డై చేయించినట్టు.

నేను నా అలవాటు ప్రకారం గోరుతోని చూసిన. ఎనిమిది గుంతలు, గుంతకు ఒక మూత. ఒక్కొక్క గుంత అంచు చుట్టు గోరు తిప్పుకుంట వచ్చిన. నున్నగ, నున్నగ, నున్నగ. ఎనిమిదో దాని కాడ గోరు తట్టుకున్నది.

గంటు. కంటికి కనపడదు. గోరుకే తెలుస్తది. అంచు మీద సన్నటి గంటు, మూత పెదవి మీద పడేది. ఆ గుంతల పోసిన ప్రతి మూత కారుతది. పురుగు మందు కారితె రైతు చెయ్యి కాలుతది, కంపెనీ నన్ను కాలుస్తది.

మళ్ళ తిప్పిన గోరు. మళ్ళ తట్టుకున్నది.

ఏప్రిల్ లోడుల గీ గంటు లేదు. ఆ లోడుల గుప్పెడు గుప్పెడు తీసి, గీ గోరుతోనే చూసిన, ఒక్క మూతకు గూడ ఏం లేకుండె. ఒక్కటంటె ఒక్కటి. అది నోటి దాంక వచ్చింది. వచ్చి ఆగింది. సూర్యారావు టోపీ కిందికెళ్ళి నన్నే చూస్తున్నడు. ఏప్రిల్ మాల్ అంత మంచిగుండె సార్, గీ గంటు కొత్తగ పడ్డది అని ఎట్లనాలె, ఆయనతోని? అన్నా ఏమైతది? వంక పెట్టినట్టే. డై మళ్ళ బట్టలకు పోతది, నేను ఉట్టి చేతులతోని ఇంటికి పోత, గుజరాత్ మూతలు లారీ ఎక్కుతయి.

ఆలంబీ నాకు ఎదురుంగ నిలబడ్డది. చేతికి గ్రీజు. నా గోరు దిక్కు చూసింది, నా మొఖం దిక్కు చూసింది.

"మంచిగ చూసుకోండి అక్కా. ఏమన్న ఉంటె రిజెక్ట్ అని రాయండి. మీకు అలవాటే గదా."

"ఏం లేదు," అన్న.

"అయితె రాయండి."

రాసిన. కాగితం డై మీదనే పెట్టి రాసిన. డై మంచిగుంది. కింద సంతకం. నూనె మరక పడ్డది కాగితం మీద. సూర్యారావు చప్పట్లు కొట్టిండు, ఇద్దరూ పెద్ద మనసు చేసుకున్నారండి అన్నడు. ఆలంబీ చాయ్ తెప్పించింది. తాగిన. చక్కెర ఎక్కువుండె.

జూన్ 6

దొంగకు తేలు కుట్టినట్టు అంటరు. నేను దొంగను కాదు. తేలు మాత్రం కుట్టింది.

జూన్ 7

మా ఆయన అడిగిండు, చూసినవా మంచిగ అని. చూసిన అన్న. ఎట్లుంది అన్నడు. మంచిగుంది అన్న. నువ్వు గా మాటంటె కొత్తగుంది అన్నడు. కంచం ఇసిరి కొట్టాలనిపిచ్చింది. కంచం కడిగి బోర్లించిన.

జూన్ 9

డై ఇప్పుడు బొల్లారంల పాండు షెడ్డుల ఉంది. పాండు కొత్త మనిషి, రెండు మిషన్లు, జల్దీ పని కావాలన్న ఆత్రం. మిషనుకు బిగించి మొదటి మూతలు తీసిండు. ఏడు మంచిగ, ఎనిమిదో దాని పెదవి మీద సన్న ఇసుక రవ్వంత బొడిపె. నీళ్ళు నింపి తిప్పి చూసిండు, కారింది.

ఇది ముందట్నించి ఉందా అక్కా అని అడిగిండు. ఉంది అన్న. ఇంకేం జెప్పాలె. బాలానగర్ మిస్త్రీకి ఫోన్ చేస్తె, వెల్డింగ్ పెట్టి మళ్ళ పాలిష్ పట్టాలె, సీజన్ అయినంక తెమ్మన్నడు. అందుకని ఆ గుంతకు ప్లాస్టిక్ పోయే దారి మూసేసి నడుపుతున్నం. మిషన్ మూసుకుంటది, తెరుసుకుంటది, ఏడు రాలుతయి. ఎనిమిదో తావు ఖాళీ. కరెంటు అంతే, మనిషి అంతే, టైం అంతే, మూత ఒకటి తక్కువ. ప్రతి దెబ్బకు.

ఆ సప్పుడు ఇనుకుంట నిలబడ్డ. అప్పుడు సమజైంది నాకు.

తరుగు.

ఆలంబీ తరుగు పట్టింది. నేను యాకూబ్ దగ్గర పట్టినంత, లోడుకు ఇంత అని, ఏండ్లకేండ్లు. ఆమె ఎక్కడ నేర్సుకున్నది గిది? యాడనో కాదు, నా చిట్టీలు చూసే నేర్సుకున్నది. నాకంటె మంచిగ పట్టింది గూడ. నేను మంచి మాల్ మీద చెడ్డ మాట నా చేతితోని రాసి పట్టిన. ఆమె చెడ్డ మాల్ మీద మంచి మాట నాతోనే రాయించి పట్టింది. సాక్షికి జడ్జిని గూడ పెట్టింది.

లేకుంటె గంటు ఊకెనే పడ్డదేమో, దించేటప్పుడు గొలుసు తాకిందేమో. ఆమెకు తెల్వనే తెల్వదేమో. కాదు. నా గోరు దిక్కు చూసింది. తెలుసు ఆమెకు.

నాయిన ఉంటె ఏమనెటోడు? నా మొఖం మీద నవ్వేటోడు. ఆమె మొఖం చూసి, కూసో బిడ్డా, చాయ్ తాగు అనేటోడు.

జూన్ 12

కంపెనీకి మొదటి పెట్టెలు పోయినయి. మేనేజర్ గుజరాత్ ముచ్చట ఎత్తలే. పాండు మిషన్ రాత్రింబగళ్ళు తిప్పుతున్నడు, ఏడుతోనే గడువు అందుకుంటనన్నడు. షెడ్డు నిలబడ్డది. ముత్యమ్మోళ్ళు పాటలు పెట్టుకొని బిళ్ళలు పెడ్తున్నరు.

ఆలంబీ పేరు ఈ డైరీల ఇగ రాయ.

జూన్ 16

పాండు పెద్ద లోడు వచ్చింది. మూటలు దించిన్రు. ఒక మూట ఇప్పి చెయ్యి పెట్టి పిడికెడు తీసిన. గోరుతోని చూసిన. ఎండల పట్టుకొని రంగు చూసిన. డ్రైవర్ చిట్టీ పట్టుకొని నిలబడ్డడు, రాస్తరా అమ్మా అని.

కొత్త మనిషికి మొదట్లనే పగ్గం బిగించాలె. ఇప్పుడు ఇడిసిపెడ్తె ఎప్పటికి దొరకడు. అందరు ఆలంబీలు కారు. ఒక్కసారికి ఏం కాదు.

రంగు జెర తక్కువ అని రాసి, సగం లోడు వాపస్ కొట్టిన.

జూన్ 17

పొద్దుగాల చాయ్ పెట్టించిన, ఇద్దరికి.

పాండు రాలే. పనిల ఉండి ఉంటడు.

జూన్ 18

చాయ్ పెట్టించిన. రాలే. ఫోన్ చెయ్యలే.

డై ఆయన షెడ్డుల ఉంది.